మరచీలల మర్యాద
పాత ఫిల్ము కెమెరాలను విప్పి బిగించు విద్యను గూర్చి

ఫిల్ముతో ఛాయాచిత్రములు తీయు పాత కెమెరాలు అటకలనుండియు, బీరువాల అడుగుననుండియు మరల వెలుపలికి వచ్చుచున్న ఈ దినములలో, అవి పనిచేయకున్నచో బాగుచేయు విధమెట్టిదను ప్రశ్న పలువురికి కలుగుచున్నది. షట్టరు బిగిసిపోయి యుండవచ్చును. కటకముల నడుమ బూజు పట్టి యుండవచ్చును. ఫిల్మును ముందునకు నడపు మీట సగములో నిలిచిపోయి యుండవచ్చును. దోషమేదైనను, దానిని చేరుటకు ముందుగా విప్పవలసినవి ఆ యంత్రదేహమును మూసి బంధించియున్న అతిసూక్ష్మములైన స్క్రూలు. మరచీలలనబడు ఈ వస్తువులలో పెక్కింటి వ్యాసము 1.4 మి.మీ. మొదలుకొని 2 మి.మీ. వఱకు మాత్రమే యుండును; పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు దాటనివి అనేకములు. క్రొత్తగా ఈ పనికి దిగినవారు వాని చిన్నతనమును చూచి జంకుదురు గాని, ఆ జంకు భూతద్దముతోను అభ్యాసముతోను తీరునట్టిది. అంతకంటె లోతైన చిక్కు వేఱొకటి కలదు: చూపునకు ఒకే విధముగా నున్న ఈ స్క్రూలలో ప్రతిదానికిని తనదైన తల, తనదైన మర, తనదైన పొడవు, తనదైన స్థానము కలవు. వాని నెఱిగి తదనుగుణముగా నడచుకొనుటయే ఈ విద్యకు సారము. చేతి బలమునకు ఇందు దక్కు పాత్ర మిక్కిలి స్వల్పము.

ఇంతటి సూక్ష్మమైన స్క్రూలు కెమెరాలోనికి ఎచటినుండి వచ్చినవని విచారించినచో, గడియారపు పనియు సూక్ష్మదర్శినుల పనియు వానికి పుట్టినిండ్లని తేలును. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధము వఱకు ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట చేసిన స్క్రూ మఱియొకచోటి రంధ్రమున పట్టునను నమ్మకము లేదు. 1841లో ఇంగ్లాండున జోసెఫ్ విట్వర్త్ పెద్ద స్క్రూల మరలకు 55 డిగ్రీల కోణముతో ఒక సమానప్రమాణమును ప్రతిపాదించెను. చిన్నవాని విషయమున జెనీవా పండితుడు మార్క్ థూరీ గడియారపు స్క్రూలను పరిశీలించి ఒక క్రమమును కూర్చగా, దాని ననుసరించి 1884లో బ్రిటిష్ అసోసియేషన్ తన ప్రమాణమును ఏర్పఱచెను. ఆ ప్రమాణములో సున్న సంఖ్య గల స్క్రూ వ్యాసము 6 మి.మీ.; దాని మరల నడుమ ఎడము సరిగా 1 మి.మీ.; అచటినుండి సంఖ్య ఒక్కొక్కటి పెరిగినకొలదిని ఆ యెడము వెనుకటిదానిలో పదింట తొమ్మిది పాళ్ళగుచు వచ్చును. బ్రిటిషు పరికరములలో కనబడు చిన్న స్క్రూలు పెక్కులు ఈ వంశమునకు చెందినవి.

జర్మనీలోని వెట్జ్లార్ పట్టణమున సూక్ష్మదర్శినులు నిర్మించుచుండిన లైట్జ్ సంస్థలో ఉద్యోగియైన ఓస్కర్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో లైప్జిగ్ వసంతకాలపు ప్రదర్శనలో ప్రజల యెదుటికి వచ్చెను. పిమ్మట దానికి మార్చుకొనదగిన కటకములు ఏర్పడినప్పుడు, కటకమును దేహమునకు బిగించు పెద్ద మర వ్యాసమును మిల్లీమీటర్లలో 39గా నిర్ణయించిరి. మరల సంఖ్యను మాత్రము అంగుళమునకు 26గా, విట్వర్త్ పద్ధతిలో నుంచిరి. సూక్ష్మదర్శినుల కటకములకు ఆ కాలమున చెల్లుచుండినది విట్వర్త్ మరయే యగుటచే, ఒకే వస్తువులో రెండు కొలమానములు కాపురముండెను. నేటికిని జపానులో చేసిన కెమెరాకైనను, జర్మనీలో చేసిన కెమెరాకైనను అడుగున ముక్కాలిపీటకు బిగించు రంధ్రపు మర పావు అంగుళము వ్యాసముతో, అంగుళమునకు 20 చుట్లతో నుండుట ఇట్టిదే మఱియొక చరిత్రశేషము.

ఈ చరిత్ర మరమ్మతు బల్లమీద ఎట్టి ఫలము నిచ్చునో చూడుడు. జపాను కెమెరాలలో తఱచుగా కనబడు 1.7 మి.మీ. స్క్రూ తరువాత స్థిరపడిన అంతర్జాతీయ ప్రమాణములో చోటు సంపాదింపలేదు. అందులో నున్నవి 1.6, 1.8 పరిమాణములు. 1.7కును 1.6కును మరల నడుమ ఎడము ఒక్కటే, 0.35 మి.మీ. కావున పోయిన పాత స్క్రూకు బదులుగా బజారులో దొరకిన 1.6 స్క్రూను పెట్టినచో అది సుఖముగా దిగినట్లే తోచును. చివరకు బిగియవలసిన వేళకు పట్టులేక వదులుగా తిరుగుచుండును. ఇందువలననే అనుభవజ్ఞులు పనికిరాని కెమెరాను సైతము పాఱవేయరు. అదే తెగకు చెందిన మఱియొక కెమెరాకు స్క్రూలను దానమిచ్చుటకై దానిని దాచియుంచుదురు.

ఇక తల విషయము. పాత జర్మను కెమెరాలలోని స్క్రూల తలలకు తఱచుగా ఒకే అడ్డుగాడి యుండును. సామాన్యపు స్క్రూడ్రైవరు మొన క్రిందికి పోవుకొలదిని సన్నబడి యుండుటచే, అది గాడి అడుగును తాకక పైయంచులనే యొరసికొనును. త్రిప్పినంతనే పైకి లేచి, ఆ యంచులను నలుగగొట్టి జాఱును. గడియారపు పనివారు మొనకు ఇరుప్రక్కలను గుంటగా సాన పట్టి, చివరి భాగము రెండు ముఖములును సమాంతరముగా నిలుచునట్లు చేయుదురు. అట్టి మొన గాడియొక్క నిడివిని, మందమును, లోతును పూర్తిగా నింపును. మొన వెడల్పు తల వ్యాసముకంటె ఏ మాత్రము అధికమైనను చుట్టునున్న నల్లరంగును గీఱి శాశ్వతమైన మచ్చ పెట్టును. తక్కువైనచో బలమంతయు గాడి నడుమనే పడి అచ్చటి లోహమును చీల్చును. కావున ఒక్క స్క్రూడ్రైవరుతో కెమెరా పని సాగదు; వెడల్పుల వరుస యొకటియు, మొన చెడినప్పుడెల్ల సరిదిద్దుటకు మెత్తని సానరాయి యొకటియు బల్లమీద నుండవలయును. మన పట్టణములలో గడియారములు బాగుచేయువారికి సామాను అమ్ము దుకాణములు ఇప్పటికిని కొన్ని మిగిలియుండుట ఈ విషయమున మనకు మేలు.

జపాను కెమెరాలతో వచ్చు చిక్కు మఱింత సూక్ష్మమైనది. వాని స్క్రూల తలపై కూడిక గుర్తు ఆకారపు గాడి యుండును; దానిని చూడగానే మన కార్ఖానాలలో స్టారు స్క్రూడ్రైవరని పిలుచు పరికరమును చేత పట్టుదురు. ఆ పరికరము అమెరికాలో పోర్ట్‌లాండు నివాసియైన హెన్రీ ఫిలిప్స్ పేరిట 1936లో పేటెంటు పొందిన ఆకారము ననుసరించినది. జపాను ప్రమాణము ననుసరించిన గాడియు చూపునకు అట్లే యుండును గాని, రెండింటి మూలల వంపులును లోతును వేఱు. ఫిలిప్స్ మొనయొక్క ఱెక్కల నడుమనున్న గుండ్రదనము పెద్దదగుటచే అది జపాను గాడిలో పూర్తిగా కూర్చుండక పైననే నిలుచును. అట్లు నిలిచిన మొన త్రిప్పినప్పుడు ఏటవాలు గోడలవెంట పైకి ఎగబ్రాకును. రెండు మూడు మాఱులు ఎగబ్రాకినంతనే గాడి గుండ్రని గుంటయగును. ఇది తెలియనివారు స్క్రూ మిక్కిలి గట్టిగా పట్టియున్నదని తలచి, మఱింత బలమును ప్రయోగించి, మిగిలిన గాడిని కూడ పోగొట్టుకొందురు. తాళమునకు తన తాళపుచెవి యెట్లో, జపాను గాడికి జపాను ప్రమాణపు మొన యట్లు. అది దొరకని పక్షమున ఫిలిప్స్ మొన కొసను సానరాయిపై కొంచెము అరగదీసి చదునుచేసి, లోతు తక్కువైన గాడిలో అది దిగునట్లు చేసికొనుటయు కలదు.

సరియైన మొన లభించిన పిమ్మట చేతి విషయము ఆలోచింపవలయును. కెమెరాను మెత్తని గుడ్డ పఱచిన స్థిరమైన బల్లపై నుంచి, స్క్రూడ్రైవరును లంబముగా నిలిపి, దాని పైనున్న తిరుగు బిళ్ళను చూపుడువ్రేలితో క్రిందికి నొక్కుచు, బొటనవ్రేలితోను నడిమివ్రేలితోను త్రిప్పవలెను. నొక్కు బలము ఎక్కువగాను, త్రిప్పు బలము తక్కువగాను ఉండుట నియమము. మొదటి ప్రయత్నమునకు కదలనిచో ఆగవలయును. ఏలయన కదలకుండుటకు హేతువు కలదు.

ఆ హేతువు తఱచుగా లక్క. వ్యాసము 1.4 మి.మీ. గల స్క్రూ ఒక చుట్టు తిరిగినప్పుడు 0.3 మి.మీ. మాత్రమే దిగును, అంత స్వల్పమైన వాలు గలదగుటచే ఘర్షణ దానిని తన చోటనే నిలుపగలదు. కాని షట్టరు తెఱచుకొని మూసికొనునప్పుడును, అద్దము ఎగిరిపడునప్పుడును పుట్టు కంపనము దినదినము ఆ పట్టును సడలించును. దానికి విరుగుడుగా నిర్మాతలు స్క్రూ తల ప్రక్కన లక్కనో, రంగుపూతనో చుక్కగా పెట్టుదురు. దశాబ్దములు గడచిన పిదప ఆ చుక్క రాయియగును. లక్కకు సారాయిద్రవమును, రంగుపూతకు అసిటోనును సూదిమొనతో ఒక్క బిందువు తాకించి, కొంతసేపు వేచియుండుట మొదటి ఉపాయము. అసిటోను ప్లాస్టిక్కును, రంగును కరగించును గాన చుట్టు ప్రక్కల కన్నుంచవలెను, అది త్వరగా అంటుకొనునది గాన మంటకు దూరముగా నుండవలెను. వేడిచేసిన సోల్డరింగు ఐరను కొసను స్క్రూ తలపై కొన్ని క్షణములు ఆనించుట రెండవ ఉపాయము; లక్క 100 డిగ్రీల లోపుననే మెత్తబడును. ఐతే పాత కటకముల గాజుబిళ్ళలను అతికిన జిగురును వేడిమికి చెడునట్టిదే కావున కటకము దగ్గఱ ఈ ఉపాయము పనికిరాదు. విప్పుటకు ముందు స్క్రూను బిగించు దిక్కునకు వెండ్రుకవాసి త్రిప్పినచో పాత పూత విఱిగి, తరువాత సులభముగా విడివడుట మూడవ ఉపాయము. తుప్పు విడిపించు నూనెను చిమ్ముట మాత్రము ఉపాయము కాదు, అపాయము. నూనె సన్నని సందులవెంట తానై పాకి షట్టరు రేకులపైకి చేరును, తడిసిన రేకులు ఒకదానికొకటి అంటుకొని షట్టరు మందగించును. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖ వంటి సముద్రతీరపు ఊళ్ళలో దశాబ్దములు నిలువయున్న కెమెరాలలో తుప్పు సామాన్యమగుట చేత, ఈ హెచ్చరిక మనవారికి ప్రత్యేకముగా అవసరము.

లక్కయు లేక, తుప్పును లేక, ఐనను కదలని స్క్రూ మఱియొకటి కలదు: ఎడమమర గలది. ఫిల్మును నడపు మీట ఏ దిక్కునకు తిరుగునో ఆ దిక్కున సామాన్యపు స్క్రూ సడలునట్లున్నచో, నిర్మాతలు అచ్చట తలక్రిందులైన మరను వాడుదురు. దానిని ఎడమకు త్రిప్పినకొలదిని బిగియును. మఱియు త్రిప్పినచో తెగును. గడియారములలో ఇట్టి స్క్రూ తలపై మూడు సమాంతరమైన గీతలుండుట వాడుక. కొన్ని జపాను కెమెరాలలోను ఆ గుర్తు కనబడును. అందుచేత మీటల దగ్గఱను, ఫిల్ము సంఖ్యను చూపు చక్రము దగ్గఱను ఉన్న స్క్రూలను భూతద్దముతో చూడక ముట్టరాదు.

విప్పిన స్క్రూలను ఉంచుకొనుట విప్పుటకంటె తక్కువైన విద్య కాదు. కెమెరా పై మూతను పట్టియుంచు స్క్రూలలో రెండు ఒక పొడవును, మూడవది వేఱొక పొడవును కలిగియుండుట సర్వసాధారణము. ఆ భేదము అర మిల్లీమీటరైనను, పొట్టి స్క్రూ చోట పొడవైనది దిగినచో దాని కొస లోపలనున్న పళ్ళచక్రమునకో, షట్టరు తెరకో తగిలి, బాగుగానున్న యంత్రమును నిలిపివేయును. ఆ దోషమును వెదకువాడు షట్టరును అనుమానించునే గాని పై మూతను అనుమానింపడు. కావున గదులు గదులుగానున్న పళ్ళెములో ఒక్కొక్క దశకు ఒక్కొక్క గదిని కేటాయించి వరుసగా నుంచుట మేలు. కాగితముపై కెమెరా ఆకారమును గీసి, స్క్రూ ఉన్న చోటనే దానిని అతుకు టేపుతో అంటించుట మఱింత మేలు. భాగమును తొలగించిన పిమ్మట స్క్రూను దాని రంధ్రములోనే మరల రెండు చుట్లు త్రిప్పి వదలుట, అట్లు వీలైనచోట, అన్నింటికంటె మేలు. చేతి ఫోనుతో అడుగడుగునకు చిత్రము తీసికొను వసతి పూర్వపు పనివారికి లేని భాగ్యము.

స్క్రూతోబాటు దాని క్రిందనున్న దానిని కూడ గమనింపవలెను. లైకాలో కటకము కూర్చుండు లోహపు వలయమునకును ఫిల్మునకును గల దూరము 28.8 మి.మీ. అని 1931లో స్థిరపఱచిరి. అంతకు ముందటి కటకములను వాని వాని దేహములకే సరిపెట్టుచుండిరి. ఆ దూరమును సరిగా నిలుపుటకై వలయము క్రింద మిక్కిలి పలుచని బిళ్ళలుండవచ్చును. నాలుగు స్క్రూలను విప్పిన ఉత్సాహములో ఆ బిళ్ళ జాఱిపోయినను, తలక్రిందులైనను, స్క్రూలన్నియు యథాస్థానమున బిగిసిననుగూడ చిత్రములు మసకగా వచ్చును.

ఎంత జాగ్రత్తపడినను స్క్రూ యొకప్పుడు చేజాఱును. అంచు గల తెల్లని పళ్ళెములో పనిచేయువానికి అది దూరముగా పోదు. స్వర్ణకారులవలె ఒడిలోనికి వ్రేలాడు గుడ్డను బల్లకు కట్టుకొన్నవానికి నేలను చేరదు. చేరినచో వెంటనే లేవక, కుర్చీని జరుపక, దీపమును నేలకు సమముగా పట్టి చూడవలెను. ప్రక్కనుండి పడిన వెలుతురులో స్క్రూకంటె దాని నీడ ముందు కనబడును. ప్లాస్టిక్కు సంచిలో చుట్టిన అయస్కాంతమును నేలపై నడపుటయు మంచిదే గాని, ఇత్తడి స్క్రూలను అది ఆకర్షింపదు. ఆ మాటకు వచ్చినచో బల్లమీద అయస్కాంతముతో చెలిమి అంతగా తగదు. అయస్కాంతగుణము పట్టిన స్క్రూడ్రైవరు స్క్రూను తానై పట్టుకొని సులభముగా రంధ్రము చేర్చును, నిజమే. కాని వెలుతురును కొలచు మీటరులోని సన్నని తీగచుట్టకును సూదికిని అది హాని చేయగలదు, చిన్న స్ప్రింగులను శ్రావణపు కొసకు అంటుకొనునట్లు చేయగలదు. దానికి బదులు మొనకు ఇసుమంత మైనము రాచినచో ఇత్తడి స్క్రూయైనను ఉక్కు స్క్రూయైనను నిలుచును. కటకపు వలయములలో టిక్కుటిక్కుమను చప్పుడు పుట్టించు ఉక్కు గుండ్లును, వాని వెనుకటి స్ప్రింగులును స్క్రూ విడిన క్షణమున ఎగిరిపోవునవి గాన, ఆ దశను పారదర్శకమైన ప్లాస్టిక్కు సంచిలో చేతులుంచి సాగించుట ఉత్తమము.

తల తెగి, దేహము రంధ్రములో చిక్కుకొన్న ఉక్కు స్క్రూకు గడియారపు పనివారు వాడు వైద్యము మన ఇండ్లలోని వస్తువుతోనే జరుగును. ఇత్తడి పలకనుండి తక్కిన ఉక్కు భాగములన్నింటిని తొలగించి, పలకను వేడి పటికనీటిలో నుంచినచో, పటిక ఉక్కును క్రమముగా తినివేయును, ఇత్తడిని విడిచిపెట్టును. గంటలు పట్టవచ్చును, ఐనను రంధ్రపు మర చెక్కుచెదరదు. ఇత్తడి కాని లోహములపై దీనిని ప్రయోగింపరాదు.

విప్పదగిన వానిని గూర్చి ఇంత చెప్పిన పిమ్మట, విప్పరాని వానిని గూర్చి కొంత చెప్పవలెను. కెమెరాలో కొన్ని స్క్రూలు పట్టియుంచుటకుగాక దిద్దుటకై పుట్టినవి. తల కేంద్రము ఒకచోటను, మర కేంద్రము ఒకచోటను ఉన్నట్టి ఈ వక్రకేంద్రపు స్క్రూలు కొంచెము తిరిగినను దూరమును కొలచు యంత్రాంగపు అమరిక మాఱిపోవును, షట్టరు వేగము తప్పును. కటకపు వలయమును చుట్టునుండి పట్టియుంచు మూడు తలలేని స్క్రూలను సడలించినచో అనంతదూరపు గుర్తు తన చోటు వీడును. వీనిపై లక్కచుక్క పెట్టుటలో నిర్మాత ఉద్దేశము సడలకుండుట మాత్రమే కాదు. ఇచ్చట కొలిచి నిలిపితిమని తరువాతి పనివానికి చెప్పుటయు. తప్పనిసరియైనచో సూదితో ఇరువైపుల గీత గీసి, తిరిగిన పరిమాణమును వ్రాసికొని గాని కదపరాదు. ఇంకొక హెచ్చరిక: 1975లో వచ్చిన కొనికా సి35 ఇ.ఎఫ్. వంటి, దేహములోనే ఫ్లాషు గల కెమెరాలలో, బ్యాటరీ తీసివేసినను కొంతకాలము వందల వోల్టుల విద్యుత్తును నిలుపుకొను కెపాసిటరు ఉండును. దానిని సురక్షితముగా ఖాళీచేయుట నేర్వనివాడు ఆ మూతను విప్పకుండుటయే మంచిది.

బిగించునప్పుడు స్క్రూను రంధ్రముపై నిలిపి మొదట ఎడమకు మెల్లగా త్రిప్పవలెను. మర కొస మర కొసను దాటి సన్నగా దిగినట్లు వ్రేళ్ళకు తెలిసిన పిదపనే కుడికి త్రిప్పవలెను. అట్లు చేసిన స్క్రూ అడ్డమరలో పడదు. మూతకున్న స్క్రూలనన్నింటిని వదులుగా పట్టించి, పిమ్మట ఎదురెదురుగా ఒక్కొక్కటిగా బిగించినచో మూత వంకర తిరుగదు. అల్యూమినియము దేహములో రెండు మూడు చుట్ల మర మాత్రమే స్క్రూను పట్టియుంచును గాన, వ్రేళ్ళ కొసల బలము చాలును. మణికట్టు బలము వచ్చెనా, మర పోయినట్లే. చివర పెట్టు లక్కచుక్క తల అంచున ఉండవలెను గాని మర లోపల ఉండరాదు, మఱియొకనాడు దానిని విప్పవలసి యుండును గదా.

ఈ పనిని నేర్వదలచినవారు విలువైన కెమెరాతో ఆరంభింపక, షట్టరు ఎటులను పనిచేయని చౌకదానిని ఒకదానిని సంపాదించి, దానిని విప్పి, ఒక్క స్క్రూయును మిగులకుండ, ఒక్క గాడియును నలుగకుండ మరల మూయగల్గు వఱకు దానిపైననే శ్రమింపవలెను. అది పనిచేయకపోయినను నష్టము లేదు. స్క్రూల తలలు విప్పకముందెట్లుండెనో అట్లే యున్నచో అభ్యాసము ఫలించినట్లే లెక్క. తల నలిగిన స్క్రూయొక్క ఖర్చు మొదటివాడు చెల్లింపడు. తరువాత ఆ కెమెరాను తెఱచువాడు చెల్లించును. ఈ కెమెరాలకు విడిభాగములను చేయు కార్ఖానాలు పెక్కులు మూతపడిన ఈ కాలమున, మనము తెఱచిన దానిని మఱియొకరు తెఱవవలసి వచ్చునను ఎఱుకతో పనిచేయుటయే ఈ వృత్తిలోని నీతి. ఆ యెఱుక గలవాడు కదలని స్క్రూ దగ్గఱ ఆగుటకు సిగ్గుపడడు. సరియైన మొన దొరకు వఱకు కెమెరాను మూసియే యుంచును.